డర్ట్ బైకును వ్యాన్‌లో, ట్రైలర్‌లో పడిపోకుండా కట్టడం: విశాఖ నుంచి అరకు ఘాట్ దాకా

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. ఒక గుంతలో వ్యాన్ ఎగిరిపడింది, వెంటనే మలుపు. వెనక నుంచి ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడు. దిగి చూస్తే నా ఎక్స్‌పల్స్ 200 బైకు ఒరిగిపోయి పక్కనున్న స్నేహితుడి బైకు మీద పడి ఉంది. క్లచ్ లీవరు విరిగింది, ట్యాంకుకు సొట్ట పడింది, పెట్రోలు కారి వ్యాన్ నేలంతా తడిసింది. తాడు మాత్రం తెగలేదు. ముడి కూడా ఊడలేదు. చివరనున్న కొక్కెం రింగులోంచి జారి బయటకు వచ్చేసింది.

ఎందుకు జారిందో ఆ రోడ్డు పక్కనే నిలబడి ఆలోచిస్తే తెలిసింది. మేం బైకును సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి నైలాన్ తాళ్లతో బిగించాం. గుంతలో పడినప్పుడు బైకు బరువుకు దాని షాక్ అబ్జార్బర్లు (షాక్స్) కిందకు నొక్కుకున్నాయి. ఆ అర క్షణం తాడు వదులైంది. వదులైన తాడు చివర నోరు తెరుచుకుని ఉన్న కొక్కెం ఊడి రావడానికి ఆ అర క్షణం చాలు. ఇంకా గట్టి తాడు తెచ్చినా అదే జరిగేది.

బైకు కట్టడంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. షాక్స్‌ను ముందే కొంత నొక్కిపెట్టి కట్టాలి. అప్పుడు స్ప్రింగు పైకి తోస్తూనే ఉంటుంది, బెల్టు కిందకు లాగుతూనే ఉంటుంది. వ్యాన్ ఎంత ఎగిరినా బెల్టు వదులయ్యే సందు దొరకదు. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క విషయాన్ని నిలబెట్టుకోవడానికే.

అసలు వ్యాన్‌లో ఎందుకు?

ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బైకులను అరకు దాకా నడుపుకుంటూ వెళ్లవచ్చు, చాలామంది అలాగే వెళ్తారు. కవాసకి కేఎక్స్ లాంటి రేసు బైకుల సంగతి వేరు. వాటికి లైట్లుండవు, రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కడానికి వీల్లేదు. వాటిని మోసుకెళ్లడం తప్ప దారి లేదు. రోడ్డు బైకుకైనా ముళ్ల టైర్లు వేసుకుంటే వంద కిలోమీటర్ల తారు రోడ్డు మీద అవి అరిగిపోతాయి. పైగా రోజంతా మట్టిలో తిరిగి అలసిపోయాక చీకట్లో ఘాట్ దిగడం నాకు ఇష్టం లేదు. నలుగురం కలిసి ఒక పికప్ మాట్లాడుకుంటే ఆ బాధ ఉండదు.

వ్యాన్ ఎంచుకోవడం

టేపుతో కొలిచాకే బేరం చేయండి. టాటా ఏస్ వెనక భాగం దాదాపు 7 అడుగుల పొడవు, 5 అడుగుల లోపు వెడల్పు ఉంటుంది. ఎక్స్‌పల్స్ పొడవు 7 అడుగుల పైనే, హ్యాండిల్ దగ్గర వెడల్పు 85 సెంటీమీటర్లు. అంటే ఒక బైకు పెట్టినా వెనక డోరు సరిగా మూసుకోదు. రెండు బైకులు ఒకే దిక్కుకు పెడితే హ్యాండిళ్లు రెండూ కొట్టుకుంటాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి పెడితే పట్టవచ్చు కానీ కట్టడానికి చెయ్యి దూరదు. ఏస్‌లో ఒక బైకును కొంచెం ఐమూలగా పెట్టుకోవచ్చు. రెండు బైకులకైతే 9 అడుగుల బాడీ ఉన్న బొలెరో పికప్ మాట్లాడటమే మేలు. బరువుతో సమస్య రాదు. ఎక్స్‌పల్స్ దాదాపు 160 కిలోలు, హిమాలయన్ దాదాపు 200 కిలోలు ఉంటాయి.

సరుకు బాడీ దాటి బయటకు పొడుచుకు వస్తే మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత 20,000 రూపాయల జరిమానా రాసి ఉంది. వెనక చక్రం గాల్లో వేలాడేలా తీసుకెళ్లవద్దు. జరిమానా సంగతి పక్కన పెట్టినా, డోరు తెరిచి ఉన్న వ్యాన్‌లో బైకు వెనక్కు జారితే ఆపేది ఏదీ ఉండదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. బైకును పట్టుకోవడానికని ఒక కుర్రాడిని వెనక కూర్చోబెట్టే అలవాటు మన దగ్గర చాలా ఉంది. వద్దు. 160 కిలోల బైకును కదిలే వ్యాన్‌లో మనిషి ఆపలేడు, ముందుగా నలిగేది అతనే. బైకు సరిగా కడితే మనిషి అవసరం లేదు, సరిగా కట్టకపోతే మనిషి ఉన్నా లాభం లేదు.

కారు వెనక ట్రైలర్ అయితే

ఆటోనగర్‌లో చిన్న రెండు చక్రాల ట్రైలర్లు వెల్డింగ్ చేయించుకునేవాళ్లు ఉన్నారు. చేయించుకునే ముందు ఆర్టీఏలో మాట్లాడండి, ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి. వెనక లైట్లు, ఇండికేటర్లు కారుతో కలిసి వెలగాలి. కారుకు తగిలించే గుండు కొక్కెంతో పాటు రెండు గొలుసులు కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వేసి తగిలించాలి. కొక్కెం ఊడినా ట్రైలర్ మూతి రోడ్డును గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది.

ట్రైలర్‌ను కారుకు తగిలించాకే బైకు ఎక్కించాలి. విడిగా ఉన్న ట్రైలర్ వెనక అంచు మీద బైకు బరువు పడగానే ముందు భాగం గాల్లోకి లేస్తుంది. అలా లేచి గడ్డానికి కొట్టించుకున్నవాళ్లను చూశాను. చక్రాల కింద రెండు వైపులా రాళ్లో చెక్కలో పెట్టండి.

బరువు ఎక్కడ పెడుతున్నామన్నది ట్రైలర్‌లో మరీ ముఖ్యం. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కారు కొక్కెం మీద పడాలి. అంటే బైకు బరువు ఇరుసుకు కొంచెం ముందుగా ఉండాలి. బరువు వెనక్కు పోతే ట్రైలర్ మూతి తేలిపోయి, వేగం పెరిగే కొద్దీ పాములా అటూ ఇటూ కొట్టుకుంటుంది. అలా మొదలైతే బ్రేకు తొక్కవద్దు, స్టీరింగు నిలకడగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. ఆపి, బైకును ముందుకు జరిపి మళ్లీ కట్టండి.

ఇక్కడి నుంచి చెప్పేది వ్యాన్‌కూ ట్రైలర్‌కూ ఒకటే.

ఏ బెల్టు కొనాలి

పూర్ణా మార్కెట్ వైపు తాళ్ల దుకాణాల్లో అన్ని రకాలూ దొరుకుతాయి. తాడు వద్దని కాదు. హార్బర్‌లో పడవలు కట్టేవాళ్ల చేతిలో తాడు అద్భుతంగా పని చేస్తుంది, వాళ్లకు ముడి తెలుసు. మనకు అంత చేయి తిరగదు. పైగా ముడి వేసిన చోట తాడు బలం చాలా తగ్గిపోతుంది. నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, అందుకే మంచి లాషింగ్ బెల్టులన్నీ పాలిస్టర్‌తోనే చేస్తారు. ఎలాస్టిక్ తాళ్లు, పాత సైకిల్ ట్యూబులు బైకు బరువు మోయడానికి పనికిరావు. ట్యూబును పారేయకండి, దానితో వేరే పని ఉంది.

బెల్టులు రెండు రకాలు. నాలుక నొక్కి లాగితే పట్టుకునేది క్యామ్ బకిల్. పళ్ల చక్రంతో టకటకా బిగించేది రాచెట్. రాచెట్‌లో బలం ఎక్కువ, అదే దాని ప్రమాదం కూడా. ఇంకో రెండు పళ్లు, ఇంకో రెండు పళ్లు అనుకుంటూ షాక్స్‌ను అడుగు దాకా నొక్కేస్తారు, లేదా హ్యాండిల్‌ను వంచేస్తారు. తేలికైన డర్ట్ బైకుకు ముందు వైపు క్యామ్ బకిల్ సరిపోతుందని నా అభిప్రాయం. చేత్తో లాగగలిగినంత బిగుతే దానికి చాలు. హిమాలయన్ లాంటి బరువైన బైకుకు రాచెట్ వాడండి, కానీ ఒక్కో పన్ను చూసుకుంటూ.

వెడల్పు అంగుళం నుంచి అంగుళంన్నర ఉండాలి. బెల్టు మీద కుట్టిన లేబుల్ చదవండి. పెద్ద అక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు తెగిపోయే బరువు. మనకు కావలసింది పని చేసే బరువు. డబ్ల్యూఎల్ఎల్ అనో ఎల్‌సీ అనో రాసి ఉంటుంది, మామూలుగా తెగే బరువులో మూడో వంతో సగమో ఉంటుంది. ఒక్కో బెల్టుకు పని చేసే బరువు కనీసం 250 కిలోలు చూసుకోండి. లేబులే లేని బెల్టును నేను కొనను.

కొక్కేనికి నాలుక ఉండాలి. కుక్క గొలుసు చివర ఉంటుందే, స్ప్రింగుతో మూసుకునే నాలుక, అలాంటిది. నా బైకును పడేసింది నాలుక లేని కొక్కెమే. ఉన్న బెల్టులకు నాలుక లేకపోతే కొక్కెం తగిలించాక దాని నోటికి జిప్ టై వేసి మూసేయండి.

ఒక్కో బైకుకు ముందు రెండు, వెనక రెండు, వెనక చక్రానికి ఒకటి. మొత్తం ఐదు. అందరికీ కలిపి అదనంగా ఒకటి సంచిలో ఉండాలి. వీటితో పాటు సాఫ్ట్ లూప్‌లు నాలుగు. ఇవి మెత్తటి బెల్టు గుడ్డతో చేసిన ఉచ్చులు. బైకుకు చుట్టి, వాటికి కొక్కెం తగిలిస్తే ఇనుము ఇనుముకు రాసుకోదు, రంగు పోదు.

వ్యాన్‌లో కొక్కెం తగిలించే చోటు

చాలామంది ఇక్కడ ఆలోచించరు. పికప్‌ల బాడీకి బయట వైపు టార్పాలిన్ కట్టడానికి చిన్న కొక్కేలుంటాయి. పక్క డోర్లు మడత బందుల మీద ఊగేవి. ఆ డోర్లనే నమ్మి కడితే బైకు గుంజినప్పుడు గడియ వదిలేస్తుంది. చట్రానికి గట్టిగా అతికిన చోటే వెతకండి. ముందు వైపు క్యాబిన్ వెనకుండే ఇనుప చట్రం, మూలల్లో నిలువు కడ్డీలు, నేల మీద వెల్డింగ్ చేసిన రింగులు. చేత్తో పట్టుకుని మీ బరువంతా వేసి లాగి చూడండి.

తరచూ వెళ్లేవాళ్లయితే వ్యాన్ యజమానితో మాట్లాడి నేలకు నాలుగు రింగులు వేయించుకోండి. రేకు మీద మాత్రమే వెల్డింగ్ చేస్తే ఒక్క గుంజుకు రేకుతో సహా ఊడి వస్తుంది. కింద అడ్డంగా వెళ్లే ఇనుప దూలానికి తగలాలి, లేదా రేకు అడుగున అరచేయంత మందపాటి పలక పెట్టి బోల్టు వేయాలి.

బెల్టు ఏదైనా అంచు మీదుగా వంగి వెళ్లాల్సి వస్తే అక్కడ గోనె సంచి మడత పెట్టండి, లేదా పాత రబ్బరు పైపు ముక్కను నిలువుగా కోసి తొడగండి. పదునైన అంచు మీద రాసుకునే బెల్టు గంటలో సగం కోసుకుపోతుంది.

బయలుదేరే ముందు బైకు సంగతి

పెట్రోలు తక్కువ ఉంచండి, పావు ట్యాంకు చాలు. కార్బురేటర్ బైకైతే పెట్రోలు ట్యాపు మూయండి. సైలెన్సర్ చల్లారాలి, వేడి సైలెన్సర్‌కు తగిలిన బెల్టు మెత్తబడి తెగుతుంది. అద్దాలు విప్పి సంచిలో వేయండి. ఎక్కించాక తాళం చెవి తీసేయండి, హ్యాండిల్ లాక్ మాత్రం వేయవద్దు, ముందు చక్రం తిన్నగా ఉండాలి. టైర్లలో గాలి మామూలు ఒత్తిడికి నింపండి. మట్టి దారి కోసం గాలి తగ్గించిన టైరు మెత్తగా ఉంటుంది, దారిలో అది అణిగే కొద్దీ బెల్టు వదులవుతుంది.

కాగితాల విషయం. బైకు ఆర్సీ, ఇన్సూరెన్స్ కాపీలు వెంట ఉంచుకోండి. రిజిస్ట్రేషన్ లేని రేసు బైకైతే కొన్న బిల్లు ఉంచుకోండి. బైకును వాహనంలో తీసుకెళ్తున్నప్పుడు జరిగే నష్టం కూడా మామూలు సమగ్ర పాలసీలో కలిసే ఉంటుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకు అది వర్తించదు. ఎక్కించే ముందు బైకుకు నాలుగు వైపులా ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే క్లెయిమ్ సమయంలో అక్కరకొస్తాయి.

ఎక్కించడం

దెబ్బలు ఎక్కువగా తగిలేది ఇక్కడే. ర్యాంపు పొడవు 7 అడుగులైనా ఉండాలి. వ్యాన్ నేల రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే, 5 అడుగుల పలక వేసినప్పుడు వాలు 30 డిగ్రీలవుతుంది, 7 అడుగులదైతే 21 డిగ్రీలే. అంత పొడవైన పలక లేకపోతే రోడ్డు పక్క గట్టును వాడుకోండి. వెనక చక్రాలు పల్లంలో, గట్టు దాని వెనక ఉండేలా వ్యాన్‌ను ఆపితే ఎత్తు సగం తగ్గుతుంది. ఎంవీపీ కాలనీలో, కొమ్మాది వైపు అలాంటి ఎత్తుపల్లాలకు కొదవేమీ లేదు, విశాఖ అంతా అవే కదా.

ర్యాంపు పై కొసను బెల్టుతో వ్యాన్‌కు కట్టేయండి. వెనక చక్రం తోపుకు ర్యాంపు వెనక్కు జారడం వల్లనే బైకూ మనిషీ కింద పడతారు. ఆ ఒక్క బెల్టు వేయడానికి పట్టేది అర నిమిషం.

బైకు మీద కూర్చుని ఎక్కించవద్దు. ఎడమ పక్కన నిలబడి, ఇంజిన్ ఆన్ చేసి మొదటి గేరులో క్లచ్ సగం వదులుతూ, బైకు తనే ఎక్కుతుంటే పక్కన నడవండి. మీరు నడవడానికి రెండో పలకో మెట్టులా ఒక పెట్టో ఉండాలి. ఇంకొకరు అవతలి పక్క సీటు దగ్గర చెయ్యేసి ఉండాలి. ఎవరూ బైకుకు సరిగ్గా వెనక నిలబడకూడదు.

మధ్యలో ఆగిపోతే ముందు బ్రేకును నమ్మకండి. వాలులో బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది, ముందు చక్రానికి పట్టుండదు, బ్రేకు వేసినా అది ఈడ్చుకుంటూ వెనక్కు జారుతుంది. గేరులోనే ఇంజిన్ ఆపేసి క్లచ్ పూర్తిగా వదిలేయండి. వెనక చక్రం బిగుసుకుని బైకు ఉన్నచోటే నిలుస్తుంది. దించేటప్పుడూ ఇదే పద్ధతి. ఇంజిన్ ఆఫ్ చేసి మొదటి గేరులో ఉంచి, క్లచ్ కొంచెం పట్టుకుంటూ వదులుతూ ఉంటే అదే వెనక బ్రేకులా పని చేస్తుంది.

ముందు చక్రం

ముందు చక్రం క్యాబిన్ వెనక చట్రానికి ఆనాలి. ఉత్త ఆనడం చాలదు, అటూ ఇటూ తిరగకూడదు. దీనికి వీల్ చాక్ అనే ఇనుప పట్టు దొరుకుతుంది. చక్రం అందులోకి దూరి నిలబడుతుంది. అది లేకపోతే రెండు చెక్క దిమ్మలను టైరుకు రెండు పక్కలా నేలకు గట్టిగా బిగించండి. టైరు కింద రబ్బరు మ్యాటు ముక్క వేయండి, పికప్ రేకు మీద తడి టైరు సబ్బులా జారుతుంది.

డ్రైవరు గట్టిగా బ్రేకు వేసినప్పుడు బైకు తన బరువులో దాదాపు 80 శాతం బలంతో ముందుకు తోసుకొస్తుంది. ఎక్స్‌పల్స్ అయితే అది 130 కిలోల దాకా. ఆ బలాన్ని ఆ చట్రమే ఆపాలి. పలచని రేకు అయితే వెనక అడ్డంగా ఒక చెక్క పలక వేయండి.

బైకు మొదటి గేరులో ఉండాలి. ముందు బ్రేకు లీవరును పాత సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు చుట్టి కట్టేయండి. ట్యూబుకు ఇదే సరైన పని.

ముందు బెల్టులు: అసలు పని

సాఫ్ట్ లూప్ ఎక్కడ వేయాలన్నది మొదటి ప్రశ్న. ముందు షాక్స్ రెండింటినీ కలిపి పట్టుకునే కింది క్లాంపు దగ్గర చోటుంటే అక్కడ. వీలు కాకపోతే హ్యాండిల్ కడ్డీ మీద, దాన్ని బిగించిన చోటికి వీలైనంత దగ్గరగా. గ్రిప్పుల దగ్గర, చేతి గార్డుల దగ్గర, అద్దాల కడ్డీకి వేయవద్దు. చివర్లో లాగితే హ్యాండిల్ తన బిగింపులో తిరిగిపోతుంది. లూప్ కింద బ్రేకు పైపు, క్లచ్ కేబుల్, వైర్లు నలగకుండా వేలితో తడిమి చూసుకోండి.

బెల్టు దిక్కు రెండో ప్రశ్న. ముందు వైపు చూస్తే, హ్యాండిల్ నుంచి కిందకీ, బయటకీ, కొంచెం ముందుకీ వెళ్లాలి, దాదాపు 45 డిగ్రీల వాలులో. ఆ వాలులో 100 కిలోల లాగుడు ఉంటే 70 కిలోలు కిందకు, 70 కిలోలు పక్కకు పని చేస్తాయి. బెల్టు మరీ నిటారుగా, 70 డిగ్రీల్లో ఉంటే పక్కకు పని చేసేది 34 కిలోలే. ఘాట్ మలుపుల్లో బైకును పడేసేది పక్క తోపే కాబట్టి రింగులు బైకుకు మరీ దగ్గరగా ఉండకూడదు.

ఇక బిగించడం. ఒకరు బైకును నిటారుగా పట్టుకోవాలి. సైడ్ స్టాండ్ పైకి తీసేయాలి. స్టాండ్ మీద ఉంచి కడితే ప్రతి గుంతలో బరువంతా ఆ చిన్న కాలి మీద పడి అది వంగుతుంది, దాని బ్రాకెట్ చిట్లుతుంది. రెండు బెల్టులూ వదులుగా తగిలించాక ఎడమది కొంచెం, కుడిది కొంచెం, మళ్లీ ఎడమది. ఒకేసారి ఒక వైపు బిగిస్తే బైకు అటు ఒరిగిపోతుంది, తర్వాత రెండో వైపు ఎంత లాగినా తిన్నగా రాదు. ఎదురుగా నిలబడి ముందు చక్రం, హ్యాండిల్ మధ్య గీత నిలువుగా ఉందో లేదో మధ్యమధ్య చూడండి.

ఎంత నొక్కాలి? షాక్ మొత్తం నడకలో మూడో వంతు. ఎక్స్‌పల్స్ ముందు షాక్ నడక 190 మిల్లీమీటర్లు, అంటే 6 సెంటీమీటర్లు, మీ నాలుగు వేళ్ల మందం కన్నా కాస్త తక్కువ. ముందుగానే షాక్ గొట్టం మీద సీలుకు ఆనించి ఒక జిప్ టై కట్టి ఉంచితే ఎంత దిగిందో కనబడుతుంది. సగానికి మించి నొక్కవద్దు. పూర్తిగా నొక్కేసి గంటల తరబడి ఉంచితే ఆయిల్ సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది. పైగా గుంతలో షాక్ దిగడానికి చోటు లేక ఆ దెబ్బంతా బెల్టు మీద, రింగు మీద పడుతుంది.

మడ్‌గార్డు ఎత్తుగా ఉన్న బైకులకు టైరుకూ కింది క్లాంపుకూ మధ్య ఒక చెక్క దిమ్మ నిలబెట్టే పద్ధతి ఉంది. షాక్ ఆ దిమ్మ దాకా దిగి ఆగిపోతుంది, ఇక బెల్టును ఎంత బిగించినా షాక్‌కు భారం ఉండదు. రాత్రంతా ప్రయాణమైతే ఇది బాగుంటుంది. దిమ్మ పక్కకు జారి పడకుండా దాన్ని కూడా కట్టాలి. ఆ దిమ్మ పడిపోతే బెల్టులన్నీ ఒకేసారి వదులవుతాయి, అది మరచిపోవద్దు. అరకు లాంటి నాలుగు గంటల ప్రయాణానికి నేను దిమ్మ వాడను.

వెనక బెల్టులు

వెనక బెల్టులు బైకును నొక్కడానికి కాదు, వెనక భాగం అటూ ఇటూ గెంతకుండా చూడడానికి. సీటు కింది చట్రానికి లేదా వెనక పట్టుకునే ఇనుప కడ్డీకి లూప్ వేసి, కిందకీ బయటకీ వెనక్కీ లాగండి. ముందువి ముందుకు లాగుతుంటే వెనకవి వెనక్కు లాగాలి, ప్రతి బెల్టుకూ ఎదురు బెల్టు ఉండాలి. ముందు బిగువులో సగం చాలు. ఇండికేటర్లు, ప్లాస్టిక్ ప్యానెళ్లు, సైలెన్సర్ దగ్గరకు బెల్టు రానీయకండి.

ఐదో బెల్టు వెనక చక్రానికి. టైరూ రిమ్మూ కలిపి చుట్టి, రెండు పక్కలకూ నేలకు కట్టండి. చువ్వల మీద, బ్రేకు డిస్కు మీద, ఏబీఎస్ వైరు మీద బరువు పడకూడదు. చాలామంది దీన్ని వదిలేస్తారు. గతుకుల రోడ్డులో వెనక చక్రం గంటకు ఒక అంగుళం జరిగినా చాలు, బెల్టుల కోణాలన్నీ మారిపోతాయి.

రెండు బైకులుంటే ఒకదానికొకటి ఆనించి కలిపి కట్టవద్దు. ఒకటి పడితే రెండోదాన్ని లాగేస్తుంది. వేరువేరుగా కట్టి మధ్యలో గోనె సంచులో పాత పరుపు ముక్కో పెట్టండి.

బెల్టు మిగిలిన తోకలు చుట్టి ముడేసి దోపండి. గాలికి కొట్టుకునే తోక చక్రంలో చిక్కుకోవచ్చు. పొడవుగా సాగిన బెల్టుకు అర మెలిక వేస్తే గాలికి రెపరెపలాడకుండా ఉంటుంది.

ఊపి చూడడం

వెనక సీటు పట్టుకుని పక్కకు గట్టిగా ఊపండి. బైకు విడిగా కదిలితే కట్టు సరిగా లేదు. బైకును ఊపితే వ్యాన్ ఊగాలి. అప్పుడు బయలుదేరండి.

"ఏటీ అవ్వదు బాబూ, నాను రోజూ ఎన్ని ఫ్రిజ్‌లు ఏసుకెళ్తన్నాను" అని డ్రైవరు అంటాడు. ఆయన అనుభవాన్ని గౌరవించండి, కానీ ఫ్రిజ్‌కు షాక్స్ ఉండవు, బైకుకు ఉంటాయి. "ఒక్క ఐదు నిమిషాలు బాబాయ్" అని చెప్పి ఊపి చూసే పని మీరే పూర్తి చేయండి.

దారిలో

మొదటి బిగువును నమ్మవద్దు. టైరు ముళ్లు అణుగుతాయి, బెల్టు అల్లిక సర్దుకుంటుంది, సాఫ్ట్ లూప్ తన చోటు వెతుక్కుంటుంది. అందుకే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటి పెందుర్తి చేరగానే ఒకసారి ఆపాలి. అప్పటికి ఊళ్లో స్పీడ్ బ్రేకర్లన్నీ అయిపోయి ఉంటాయి. అన్ని బెల్టులనూ చేత్తో మీటి చూడండి, వీణ తీగలా బిగువుగా ఉండాలి. నా అనుభవంలో ఇక్కడ ప్రతిసారీ ఏదో ఒక బెల్టు కొంచెం వదులవుతుంది.

రెండోసారి శృంగవరపుకోటలో, ఘాట్ ఎక్కే ముందు. టీ తాగేటప్పుడు ఎలాగూ ఆగుతారు, మొదట బెల్టులన్నీ చూసి తర్వాత టీ. టైడా దాటాక మలుపులు వరసగా వస్తాయి. ప్రతి మలుపులో బైకు బరువు ఒక వైపు బెల్టుల మీదే పడి, మళ్లీ ఎదురు వైపుకు మారుతుంది. డ్రైవరుకు ముందే చెప్పండి, తక్కువ గేరులో, బ్రేకు గుంజకుండా నడపమని. మూడోసారి అనంతగిరిలో లేదా గాలికొండ దగ్గర. అక్కడి నుంచి సుంకరమెట్ట మీదుగా అరకు వరకు దారి కాస్త తేలికవుతుంది.

వానాకాలంలో ఇంకో రెండుసార్లు ఆగండి. తడి రేకు మీద టైరు జారుతుంది, తడి బెల్టు క్యామ్ బకిల్‌లో మెల్లగా జారుతుంది.

ఎక్కడ నడపాలన్నది ఈ వ్యాసం విషయం కాదు గానీ ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద బైకులు ఎక్కించకండి. వేల ఏళ్లలో ఏర్పడిన ఆ గుట్టలను ముళ్ల టైరు ఒక్క ఆదివారంలో తవ్వేస్తుంది.

తిరుగు ప్రయాణం

అలసిపోయి, చీకటి పడి, వాన వచ్చేలా ఉంటే అందరికీ తొందరే. పొద్దున అరగంట పట్టిన పని సాయంత్రం ఐదు నిమిషాల్లో ముగించేస్తారు. నేను తెచ్చుకున్న నియమం ఏమిటంటే, కట్టినవారు కాకుండా ఇంకొకరు ఊపి చూడాలి.

మట్టి ఇంకో సమస్య. టైరుకు పట్టిన మట్టి ముద్ద టైరుకూ వీల్ చాక్‌కూ మధ్య నలిగి ఉంటుంది. దారిలో ఎండి రాలిపోగానే అంత మేర బైకు ముందుకు జరిగి ముందు బెల్టులు వదులవుతాయి. ఎక్కించే ముందు రెండు చక్రాలనూ, లూప్ వేసే చోట్లనూ నీళ్లతో కడగండి. బకిల్ లోపల మట్టి ఉంటే అది పట్టదు, దాన్నీ కడగాలి. టైర్లలో గాలి మళ్లీ నింపండి, పొద్దున మట్టి కోసం తగ్గించిన సంగతి ఈ వేళకు ఎవరికీ గుర్తుండదు.

దించడం, బెల్టులు దాచడం

మొదట వెనక బెల్టులు విప్పండి, తర్వాత ముందువి. ముందు బెల్టు విప్పేటప్పుడు నొక్కుకున్న షాక్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఒకరు బైకును పట్టుకున్నాకే బకిల్ వదలండి, మొహం బెల్టుకు ఎదురుగా పెట్టవద్దు. ర్యాంపును మళ్లీ కట్టండి.

విశాఖ ఉప్పు గాలికి కొక్కేలూ రాచెట్లూ ఒక్క సీజన్‌లో తుప్పు పడతాయి. ఇంటికొచ్చాక బెల్టులను మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఎండ పాలిస్టర్‌ను పెళుసు చేస్తుంది. రాచెట్ పళ్లకు, కొక్కెం నాలుకకు ఒక చుక్క నూనె వేయండి, బెల్టు గుడ్డకు తగలకుండా. ఆరాక బెల్టునంతా వేళ్ల మధ్య నుంచి లాగుతూ చూడండి. అంచు కోసుకున్నా, కుట్టు ఊడినా, రంగు వెలిసి గరుకుగా మారినా ఆ బెల్టు పని అయిపోయింది. దాన్ని అలాగే పారేస్తే ఎవరో ఏరుకుని ఇంకో బైకుకు కడతారు, అందుకే మధ్యలో రెండు చోట్ల కత్తిరించి పారేయండి.